అధ్యక్షుడి ఇంట్లో పుట్టిన సైకిలు

ఆదివారం పొద్దున పాత సైకిళ్ల సంఘం వారి ఊరేగింపు బయల్దేరితే వీధి కుక్కలు కూడా తల ఎత్తి చూడవు. ఓ డజను మంది పెద్దమనుషులు, తలా ఒక సైకిలు. ఇస్త్రీ చొక్కాలు, ప్యాంటు అంచులకు క్లిప్పులు, సైకిలు ఏ కాలం నాటిదైతే ఆ కాలం నాటి టోపీ. కానీ ఎవరూ ఎక్కరు. హ్యాండిలు పట్టుకుని పక్కన నడుస్తారు. అది సంఘం నియమం. టైర్లు కంపెనీ నుంచి వచ్చినప్పటివి, బరువు పడితే పగుళ్లిస్తాయి. సీటు తోలు తాతల నాటిది, కూర్చుంటే నలిగిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సైతం వీధి చివరిదాకా సైకిలు పక్కన కుంటుతారు తప్ప దాని మీద కాలు వెయ్యరు.

అందరికన్నా ముందు నడిచేది అధ్యక్షుడు. ఆయన భార్య గేటు దగ్గర నిలబడి చూసేది. పెళ్లైన కొత్తలో నవ్వొచ్చేది. తర్వాత సిగ్గేసేది. ఇప్పుడు ఆ రెండూ పోయి ఉత్త ఏవగింపు మిగిలింది.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ సామెత ఈ ఇంటిని చూశాకే పుట్టి ఉండాలి. మూడు గదుల్లో రెండు సైకిళ్లవి. పడగ్గదిలోంచి మంచం పోయి ఏళ్లయింది. ఆవిడ వంటింటి గుమ్మం పక్కన చాప వేసుకుని పడుకుంటుంది. ఆయన మాత్రం పొద్దంతా ఆ గదుల్లో కిరసనాయిలు గిన్నె, పళ్లు తోముకునే బ్రష్షూ పెట్టుకుని చువ్వ చువ్వకీ తుప్పు గీకుతుంటాడు. ఏ కంపెనీ ఏ సంవత్సరంలో దీపం కొక్కెం మార్చిందో ఆయన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో మాత్రం తెలీదు.

ఇలా ఉండగా ఆవిడకి ఊరవతల ఆసుపత్రిలో, మందుల గదిలో ఉద్యోగం వచ్చింది. పెళ్లికి ముందు చదివి అటక మీద పడేసిన చదువు ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. షిఫ్టు తెల్లవారగానే మొదలు. ఆ వేళకు బస్సులు తిరగవు. వానలు తగ్గాక వచ్చే ఒకటో తారీకున వేళకు చేరాలి, లేకపోతే వెనకున్న మనిషికి ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్లు కచ్చితంగా చెప్పారు.

"ఏవండీ, ఇన్ని సైకిళ్లున్నాయి. ఒకటి నాకివ్వండి, నేర్చుకుంటాను" అంది.

"ఏది ఇమ్మంటావు? ఒక్కదానికైనా ఒక్క మర మార్చానా? నువ్వెక్కితే ఏమవుతుంది వాటి గతి?"

"పోనీ కొత్తదొకటి కొనండి."

"కొత్తదా? ఈ ఇంట్లోనా?" మురుక్కాలవ పక్కన నిలబడ్డట్టు మొహం పెట్టాడు. "సంఘంలో నేను తలెత్తుకు తిరగొద్దా? అయినా సైకిలు తొక్కడమంటే ఏమనుకుంటున్నావు? అదొక విద్య. ఈ వయసులో నీకు రాదు."

"మీరు నేర్పితే వస్తుంది."

"నాకు తీరిక లేదు" అని బ్రష్షు తీసుకున్నాడు.

ఆ తర్వాత వానలు ముదిరాయి. పాత సైకిళ్లను దగ్గర దగ్గరగా పెట్టి, నూనె బాగా పట్టించి, తలుపులు మూసి ఉంచితే వానాకాలంలో ఈనుతాయని అందరికీ తెలిసిందే. అందుకే తెలిసినవాళ్లు మధ్యలో గోనెపట్టా అడ్డం కడతారు. అధ్యక్షుడికీ తెలుసు. కానీ ఆ రోజు గంటలాయన వచ్చాడు. ఇంటినిండా సైకిలు గంటలు పోగేసి, ఎప్పటికైనా అధ్యక్ష కుర్చీ తనదేనని కాచుక్కూర్చున్న మనిషి. ఇద్దరూ ఒక దీపం ఏ సంవత్సరానిదని గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకున్నారు. ఆ గొడవలో గోనెపట్టా సంగతి గాలికి పోయింది.

నెల తిరిగేసరికి ఆకుపచ్చ లేడీస్ సైకిలు కింద మోకాలెత్తు సైకిలొకటి తడితడిగా పడి ఉంది. ఒళ్లు తల్లి ఆకుపచ్చ. మడ్‌గార్డులు పక్కనున్న నల్ల సైకిలువి.

పక్కింటి అక్కయ్య పాత తువ్వాలు పట్టుకొచ్చి చూసింది. "పెడళ్లు రెండూ ఉన్నాయి కదా, అంతే చాలు. గాలి తగలనివ్వు" అని చెప్పి వెళ్లింది.

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. అధ్యక్షుడికి ఆ పాటి ముద్దు కూడా లేదు. ఆకుపచ్చది ఒక కంపెనీ, నల్లది దాని పగ కంపెనీ. రెండు కంపెనీల సంకరం తన ఇంట్లో పుట్టిందంటే సంఘంలో పరువేం కావాలి? రెండ్రోజులు అన్నం సహించలేదాయనకి. మూడో రోజు ఒక ఉపాయం తట్టింది.

ఆవిడ బట్టలు ఉతుకుదామని స్నానాల గదిలోకి వెళితే, పిల్ల సైకిలు తడి గోనెలో చుట్టి ఉంది. గోనె నిండా ఉప్పు. హ్యాండిలు దగ్గర అప్పుడే ఎర్రగా పొక్కులు లేచాయి.

"ఏం చేస్తున్నారు దీన్ని?"

"పాత చేస్తున్నాను. నాలుగు వారాలు నానితే పూర్వకాలపు పిల్లల సైకిలంటే ఎవరైనా నమ్ముతారు."

"అది పుట్టి వారం కాలేదు."

"అదే కదా దాని లోపం" అన్నాడాయన.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. జీవితమంతా తుప్పు గీకిన మనిషి ఇప్పుడు తుప్పు పెంచుతున్నాడు. గోనె విప్పి, మంచినీళ్లతో కడిగి, తుడిచి, కీళ్లకు కొబ్బరినూనె రాసింది. "ఇది ఇక నా దగ్గరుంటుంది" అని పెరట్లో రేకు కింద కట్టేసుకుంది. కంటికి కనబడకపోతే చాలని ఆయనా ఊరుకున్నాడు.

సాయంత్రాలు దాన్ని వెనక ఖాళీ స్థలంలోకి తోలుకెళ్లేది. తిరిగినకొద్దీ పెరిగింది. నడుం ఎత్తుకు వచ్చాక ఎక్కి చూసింది. ఆవిడకు తొక్కడం రాదు, దానికి మోయడం రాదు. ఇద్దరూ కలిసి ముళ్లపొదలో పడ్డారు, ఇసుక కుప్ప మీద పడ్డారు, ఒకసారి పక్కింటి అక్కయ్య మీదే పడ్డారు. ఆవిడ మోచేతులకు చెక్కులు లేచాయి, దాని పెడలు వంకరపోయి మర్నాటికి మళ్లీ నిటారైంది. వానలు వెనకబట్టేసరికి ఇద్దరికీ పని వచ్చేసింది. పసిపిల్లకు పన్ను మొలిచినట్టు దాని వెనక క్యారియరు కూడా మొలిచింది.

గంటలాయన కళ్లు ఊరుకుంటాయా? పెరటి గోడ మీంచి తొంగి చూసి సంగతి సంఘంలో పెట్టాడు. సంకర సైకిలున్న ఇంట్లో మిగతా సైకిళ్ల పుట్టుకను కూడా నమ్మడానికి లేదన్నాడు. వీధి చివరి ఇనప సామాన్ల కొట్టుకు దాన్ని ఆదివారం పొద్దున్నే అప్పగించాలి, లేదా అధ్యక్షుడు కుర్చీ దిగాలి, అని తీర్మానించారు. చదువుకున్నవాళ్లు, పెన్షన్లు పుచ్చుకుంటున్నవాళ్లు చేతులెత్తి మరీ తీర్మానించారు.

ఆ ఆదివారమే ఒకటో తారీకు.

ఆవిడ తయారై, క్యారియరుకు అన్నం డబ్బా కట్టుకుని సైకిలు గేటు దగ్గరికి తెచ్చేసరికి సంఘమంతా టోపీలతో సహా వీధిలో నిలబడి ఉంది. అధ్యక్షుడు వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు.

"ఇలా ఇవ్వు. కొట్టుకు పంపాలి."

"నాకు వేళవుతోంది. వదలండి."

"నలుగురిలో నా పరువు తియ్యకు. నీ ఉద్యోగం కోసం నా కుర్చీ పోవాలా?"

ఆవిడ ఆ టోపీలన్నిటినీ ఒకసారి చూసి హ్యాండిలు వదిలేసింది. "సరే, మీరే తీసుకెళ్లండి. నడిపించుకుంటూ కాదు, ఎక్కి తొక్కుకుంటూ వెళ్లి ఇచ్చి రండి. మళ్లీ ఉద్యోగం మాట ఎత్తితే అడగండి."

"అదెంతసేపు, కానివ్వండి" అన్నాడు గంటలాయన.

అధ్యక్షుడు కదల్లేదు. ముందు చక్రం వంక చూశాడు. "గాలి తక్కువుంది" అన్నాడు.

"ఇప్పుడే కొట్టాను."

"సీటు ఎత్తుగా ఉంది."

సైకిలు చిన్నది, చెప్పిన మాట వినే వయసు. ఆ మాట వినగానే సీటు రెండంగుళాలు కిందికి దించుకుంది. అందరూ చూశారు. ఇక సాకు లేదు. ఆయన ఒక కాలు పెడలు మీద పెట్టాడు, తీశాడు. రెండో కాలు పెట్టబోయి దాన్నీ తీశాడు.

"నాకు రాదు" అన్నాడు చివరికి, ఆవిడకు మాత్రమే వినబడేట్టు.

"ఏమిటి రాదు?"

"తొక్కడం."

ఆవిడ సంఘం వైపు తిరిగింది. "ఈయనకు రాదట. పోనీ మీలో ఎవరైనా ఎక్కి తీసుకెళ్తారా? నేను అడ్డం రాను."

ఒకాయన చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. ఒకాయనకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. గంటలాయన జేబురుమాలు తీసి తన సైకిలు గంట తుడవడం మొదలుపెట్టాడు. టోపీలన్నీ నేల చూపులు చూశాయి. అంతమందిలో ఒక్కరూ ముందుకు రాలేదు.

ఇన్నేళ్లు ఈ విద్య కోసమా తను చాప మీద పడుకుంది? ఆయన మీద జాలి కలుగుతుందేమోనని ఆవిడ ఒక్క క్షణం ఆగి చూసుకుంది. కలగలేదు.

"తప్పుకోండి" అంది. ఆయన చెయ్యి దానంతటదే జారిపోయింది. ఆవిడ ఎక్కి కూర్చుంది, సీటు ఆవిడ ఎత్తుకు లేచింది, టోపీలవాళ్లు తమ తమ సైకిళ్లను గోడవారకు లాక్కుని దారిచ్చారు.

ఆసుపత్రి చేరేసరికి షిఫ్టు గంట ఇంకా కొట్టలేదు. మందుల గది పెద్దావిడ తాళాలు చేతికిస్తూ, చెమటతో తడిసిన మొహం చూసి, "బస్సుల్లేవు కదమ్మా, ఎలా వచ్చావు?" అని అడిగింది.

"సైకిలు మీదండీ."

"అంత దూరమా? మీవారు నేర్పారా?"

"మా ఇంట్లో ఎవరికీ రాదండీ" అని చెప్పి, ఆవిడ మందుల గది కిటికీ తెరిచింది.