మంచు సరస్సు ఒడ్డున నా విజిల్

నేను ఒక మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ని. నా పక్క భాగంలో ఒక సొట్ట ఉంది. దాన్ని చూసి జాలిపడకండి. అది కశ్మీరు కొండల్లో ఒక గుర్రం పెట్టిన ముద్ర. మీ వంటింట్లోని కుక్కరుకి ఆ యోగం పట్టి ఉండదు.

అల్యూమినియం బిళ్ళగా కార్ఖానాలోకి వెళ్ళి, అచ్చు కింద ఒక్క నొక్కుతో గిన్నెనై బయటికి వచ్చాను. అక్కణ్ణుంచి నేరుగా ఒక పెళ్ళికి వెళ్ళాను. అక్కడ చూస్తే నాతో కలిపి ఐదు కుక్కర్లు. కొత్త కాపురానికి ఒక కుక్కరు చాలని మనుషులందరికీ తెలుసు, అయినా అందరూ కుక్కరే ఇస్తారు. మిగిలిన నలుగురం రంగు కాగితాలు కూడా విప్పుకోకుండా అటకెక్కాం. అక్కడి వేడికి ఏళ్ళు గడిచేసరికి నా మూత రబ్బరు కాస్త సాగింది. ఆ సంగతి ఎవరూ చూసుకోలేదు.

ఆ ఇంటావిడ అక్క కూతురు కోటేశ్వరి గుంటూరులో ఉద్యోగానికి చేరినప్పుడు నేను ఆమె చేతికొచ్చాను. లేడీస్ హాస్టల్లో వంట నిషేధం. అందుకని మంచం కింద, పాత చీరల మధ్య కాపురం పెట్టాను. నాకు విజిల్ వచ్చే సమయానికి గదిలో ఉండే నర్సు రేచల్ పెద్దగా దగ్గేది. పాపం వార్డెనమ్మ ఆమెకి దగ్గు మందు కూడా తెచ్చిచ్చింది.

కోటి మాట తక్కువ మనిషి. తన బీరువా తలుపుకి లోపలివైపు పాత కేలండరు బొమ్మ ఒకటి అంటించుకుంది. నీలం నీళ్ళు, వాటి మీద తేలే మంచుగడ్డలు. కింద 'గడ్సర్ సరస్సు, కశ్మీరు' అని పేరు. రోజూ బట్టలు తీసుకునేటప్పుడు ఆ నీళ్ళని వేలితో ఒకసారి తాకేది. చివరికి ఒక వేసవిలో రేచల్‌నీ, పక్క గది బడి పంతులమ్మ షమీమ్‌నీ ఒప్పించి ప్రయాణం కట్టించింది. కొండల్లో రోజుల తరబడి నడక, గుడారాల్లో పడక.

నన్ను సంచిలో పెడుతుంటే షమీమ్ పకపకా నవ్వింది.

"ఒసేయ్, కొండెక్కుతున్నామా, కాపురం పెడుతున్నామా?"

"అన్నం లేకుండా నువ్వుంటావేంటే?" అంది కోటి.

అన్నం లేకపోతే షమీమ్ ఉండలేదని ఆమె బెంగ. తీరా అన్నం లేక పడిపోయింది కోటే.

మొదటి మజిలీలో సామాను దించుతుంటే గుర్రం నన్ను తన్నింది. దానికి నేను భయపడలేదు. విశన్‌సర్ అనే సరస్సు ఒడ్డుకి చేరాక మాత్రం నాకు పరువు పోయింది. అంత ఎత్తులో నీళ్ళు తొందరగా తెర్లుతాయి గానీ వాటికి వేడి చాలదు. ఆవిరిని బిగబట్టాల్సినదాన్ని నేను. గుంటూరులో ఎలాగో నెట్టుకొచ్చిన ఆ సాగిన రబ్బరు పక్కలనుంచి బుస్సుమని ఆవిరి పోయింది. విజిల్ రాలేదు. అన్నం పలుకు. నాకు నీళ్ళు మోసే బకెట్ ఉద్యోగం ఇచ్చారు.

కోటికి ఆ పలుకన్నం గొంతు దిగలేదు. బదులుగా పెట్టిన నూడుల్స్ పళ్ళెం పక్కకి నెట్టేసింది. మర్నాటికి గుడారంలోంచి లేవలేకపోయింది. రేచల్ నాడి చూసి, తలనొప్పీ తల తిరగడమూ లేవని, ఇది కొండ ఎత్తుకి వచ్చే జబ్బు కాదు, ఒట్టి ఖాళీ కడుపేనని తేల్చింది. దారి చూపే మంజూర్ భాయ్ నెమ్మదైన మనిషే, కానీ ఆయన మాట ఒకటే. రేపటి కనుమ అన్నిటికన్నా ఎత్తయినది. తిననివాళ్ళని ఎక్కించడు. ఈ సాయంత్రం తిని లేచి నిలబడితే గడ్సర్, లేకపోతే గుర్రమెక్కి వెనక్కి.

"మీరిద్దరూ వెళ్ళండే. ఫోటో తీసుకురండి, చాలు," అంది కోటి.

"ఫోటో నీ బీరువాకి ఉందిగా! దానికోసం ఇంత దూరం రావాలా? నువ్వు దిగితే అందరం దిగుతాం. మూసుకుని పడుకో," అని కసిరి, రేచల్ బయటికొచ్చి కళ్ళు తుడుచుకుంది.

షమీమ్ నా రబ్బరుని తీసి వేళ్ళ మధ్య సాగదీస్తూ కూర్చుంది. "ఇట్టా సాగితే మా అమ్మ ఫ్రిజ్‌లో పడేసేది. కాసేపటికి బిగుసుకునేది."

"ఇక్కడ నీకు ఫ్రిజ్ ఎక్కడ..." అంటూ రేచల్ ఆగిపోయింది.

ఇద్దరూ ఒకేసారి తల తిప్పారు. ఎదురుగా విశన్‌సర్. కొండ మీది మంచు జారి జారి అందులోకే కరుగుతోంది. అంత పెద్ద ఫ్రిజ్‌ని ఏ ఇల్లాలూ చూసి ఉండదు.

చున్నీ కొసకి రబ్బరు కట్టి నీళ్ళలో ముంచారు. "అమ్మో, నా వేళ్ళు పోయాయే!" అని అరుస్తూనే షమీమ్ దాన్ని పట్టుకుంది. బయటికి తీసీ తీయగానే మూతకి బిగించి, పొయ్యి మీద పెట్టారు. ఆ చల్లటి రబ్బరు నన్ను గట్టిగా పట్టుకుంది. పక్కలనుంచి చప్పుడు లేదు. ఆవిరి లోపల పేరుకుంది, పొంగింది, తోసింది. నేను కూత పెట్టాను.

ఎదుటి కొండ కూడా కూత పెట్టింది.

"రెండు!" అంది షమీమ్ గంతేస్తూ.

"ఒకటేనే మొద్దూ!"

"రెండే! అటునుంచి వినపళ్ళా?"

గుడారంలోంచి నీరసంగా ఒక గొంతు. "కొండది లెక్కపెట్టకండే... పలుకైపోద్ది!"

అంతా పడీ పడీ నవ్వారు. పొద్దుట్నుంచి కోటి అన్నం గురించి మాట్లాడటం అదే మొదలు.

మూత తీస్తే మల్లెమొగ్గల్లాంటి అన్నం. కందిపొడి వేసి, చలికి రాయైన నెయ్యి చెంచాతో పెల్లగించి పెడితే ముద్ద మీద కరిగి జారింది. కోటి మొదటి ముద్ద భయంగా మింగింది. రెండోది ఆత్రంగా. మారు కూడా అడిగింది. "మేమూ అన్నం తినేవాళ్ళమే," అంటూ మంజూర్ భాయ్ తన పళ్ళెం చాపాడు. కాసేపు చూసి, కోటిని లేచి నడవమన్నాడు. ఆమె సరస్సు ఒడ్డుదాకా తిన్నగా నడిచి వచ్చింది.

మర్నాడు గుర్రం వీపు మీద నేనూ, కాళ్ళ మీద ఆ ముగ్గురూ కనుమ దాటాం. అవతల కిందుగా గడ్సర్. నీలం నీళ్ళు, వాటి మీద తేలే మంచుగడ్డలు, అచ్చం బొమ్మలో లాగే. కోటి పరుగున దిగి, ఒక వేలు కాదు, రెండు చేతులూ మోచేతులదాకా ముంచింది. ఆ చల్లటి చేతుల్ని తెచ్చి నా సొట్ట మీద ఆనించింది.

ఇప్పుడు కోటి హాస్టల్ వదిలి అద్దె ఇంట్లో ఉంటోంది. నేను దాక్కోవాల్సిన పని లేదు, గట్టు మీదే కూర్చుంటాను. నాకు కొత్త రబ్బరు వచ్చింది. పాతది మాత్రం ఫ్రిజ్‌లో, మంచు అరలో ఉంది. ఊరినుంచి వచ్చిన వాళ్ళమ్మ దాన్ని చూసి, "పనికిరాని రబ్బరు ఇక్కడెందుకే, పారెయ్యక?" అంది.

"ఉండనీయమ్మా. దానికి అక్కడ బాగుంటుంది," అంది కోటి.