మూడో ముడి

ఆ ఇస్త్రీపెట్టె వెనక మూతకు స్క్రూలు లేవు. జిగురుతో అంటించేశారు. డాక్టరు తన చెక్కపిడి స్క్రూడ్రైవరు మొనను సందులో దూర్చి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి మూత లేపాడు. లోపల ఒక తీగ ఊడి వేలాడుతోంది. అంతే జబ్బు. అతికిస్తే అరనిమిషం పని. ఆయన దాన్ని ఓసారి చూసి, బల్ల మీద బోర్లించి, సుత్తితో నడుం విరగ్గొట్టాడు.

ఆయన ఉద్యోగం అదే. కొన్నవాళ్లు కంపెనీకి వెనక్కి పంపిన సరుకును మళ్లీ ఎవరూ వాడుకోకుండా పగలగొట్టడం. బజార్లో రిపేరు కొట్టు నడిపిన రోజుల్లో ఆ వీధివాళ్లు పెట్టిన పేరు డాక్టరు. కొట్టు మూతపడి నాలుగేళ్లయినా పేరు వెంటే వచ్చింది. రోగం తెలుసుకోకుండా దేన్నీ చంపడు. అదొక చాదస్తమని ఇక్కడివాళ్లు నవ్వుకుంటారు.

ఇంట్లో మాత్రం ఈ సంగతి తెలియదు. కంపెనీలో రిపేరు పనేనని భార్యకు చెప్పాడు. సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగానే ఆవిడ అడుగుతుంది, "ఇవాళ ఎన్ని బతికించారు?" అని. ఆయన ఏదో ఒక అంకె చెబుతాడు. ఒకసారి నోరు జారి డెబ్బై అన్నాడు. ఆవిడ పొంగిపోయి పక్కింటావిడకు కూడా చెప్పి వచ్చింది. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

షెడ్డు నిండా కాలిన ప్లాస్టిక్ వాసన. అడుగేస్తే పెంకులు కరకరలాడతాయి. నెల తిరక్కుండా చచ్చే మిక్సీలు, మీట నొక్కితే మీటే ఊడి చేతికొచ్చే హీటర్లు. ముట్టుకుంటే ఏదో జిడ్డు అంటుకుంటుంది, సబ్బుతో రుద్దినా వదలదు. వాటంటే ఆయనకు అసహ్యం. వాటిని అలా చేసినవాళ్లంటే ఇంకా అసహ్యం. సాయంత్రానికి గుట్ట ఎంత పెరిగిందో చూసుకునే తన చేతులంటే అన్నిటికన్నా ఎక్కువ అసహ్యం.

కంపెనీ ఇచ్చే సుత్తికీ ప్లాస్టిక్ పిడే. పదిహేను రోజులకొకటి విరుగుతుంది, ఇంకోటి ఇస్తారు. స్క్రూడ్రైవరు మాత్రం ఆయన సొంతం, పని నేర్పిన మేనమామ ఇచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లలో రెండుసార్లు మొన సానబట్టాడు, అంతే.

మధ్యాహ్నం మార్పిడి బండి వచ్చింది. పాతది ఇస్తే కొత్తదాని ధర తగ్గిస్తామని చెప్పి జనం దగ్గర పోగేసిన సరుకు అది. అందులోంచి ఒక టేబుల్ ఫ్యాను దిగింది. "దీని దుంప తెగ, నడుం పట్టేసింది" అనుకుంటూ దింపినవాడు వెళ్లిపోయాడు. ఇనుప దిమ్మ, ఇత్తడి రెక్కలు. డాక్టరు అలవాటుగా వెనక మూత స్క్రూలు నాలుగూ తిప్పాడు. ఒక్కటీ మొరాయించలేదు. లోపల రాగితీగ చుట్ట, దాన్ని బిగించి కట్టిన ఎర్ర కుట్టుదారం. రెండు పేటలు, మూడు ముళ్లు.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కొట్టున్న రోజుల్లో చుట్లు చుట్టింది భార్యే. పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది, మధ్యలో పలకరిస్తే కసిరేది. కట్టుదారం అయిపోతే తన కుట్టుపెట్టెలోది తీసేది.

"రెండు ముళ్లు చాలవటే?" అనేవాడాయన.

"వాళ్లింట్లో పసిపిల్లలుంటే? ఎండల్లో ఆగిపోతే తిట్లు మనకే" అని మూడోది వేసేది.

కరెంటు తీగ తగిలించి మీట నొక్కాడు. ఫ్యాను కాసేపు గుర్రుమని, తిరిగింది.

సూపర్‌వైజరు వచ్చాడు. డాక్టరు అల్లుడి వయసువాడు. "ఏంటి డాక్టరు గారూ, శవానికి సెలైను పెడుతున్నారా?"

"ఇది చావలేదు సార్. బాగుంది."

"బాగుంటే ముందు దాన్నే పగలగొట్టాలి. ఇలాంటివి ఇళ్లల్లో తిరుగుతుంటే మనవి ఎవడు కొంటాడు?"

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "దీన్ని నేను కొట్టను."

"అయితే రేపట్నుంచి రాకండి."

సూపర్‌వైజరు సుత్తి లాక్కుని ఇనుప దిమ్మ మీద ఒక్కటేశాడు. పిడి పుటుక్కుమంది, సుత్తి తల ఎగిరి పెంకుల్లో పడింది. ఫ్యాను మీద గోరంత రంగు లేచింది. అది మెడ తిప్పి అతని మొహాన ఇంత గాలి కొట్టి, మళ్లీ అటు తిరిగింది. "దిక్కుమాలిన సుత్తి" అని తిట్టుకుంటూ అతను కొత్తది తేవడానికి స్టోరుకు వెళ్లాడు.

డాక్టరు ఫ్యాను ఆపాడు. ముడి కదలకుండా కొసన మిగిలిన బెత్తెడు దారం కత్తిరించి జేబులో వేసుకున్నాడు. మూత పెట్టి, తొందరపడకుండా నాలుగు స్క్రూలూ నిండా బిగించాడు. మళ్లీ మీట నొక్కి, చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

గేటు దగ్గర కాపలావాడు జేబు తడిమాడు. "ఇదేంటి పెద్దాయనా?"

"దారం. మా ఆవిడది."

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. "ఇవాళ పెందరాళే బయల్దేరారే?"

"ఇంట్లో ఒక లెక్క చెప్పాలి. నాలుగేళ్లకీ కలిపి ఒకటి" అన్నాడు డాక్టరు.

షెడ్డులో పెంకుల గుట్ట ముందు, కొత్త సుత్తి వచ్చేదాకా, ఫ్యాను మెడ తిప్పుకుంటూ తిరుగుతూనే ఉంది.