అరల మధ్య సందు

"మీ మార్పు తీసుకున్నాం" అన్న కబురు లాప్‌టాప్ తెరమీద కనబడగానే ఆమె చేతిలో స్పూను ఆగిపోయింది.

ఎదురుగా భర్త. పెళ్లయి పద్దెనిమిది రోజులు. వీధికి అవతల కళ్లజోళ్ల దుకాణంలో పని. మధ్యాహ్నం కాగానే అరలున్న టిఫిన్ డబ్బా పట్టుకుని ఆమె ఆఫీసు క్యాంటీన్‌కి వచ్చేస్తాడు. అతను మూత తీస్తుంటే చూడడం ఆమెకి రోజూ కొత్తే.

"నీ పని ఒప్పుకున్నారుగా, మొహం అలా పెట్టావేం?"

"నా కోడ్ తనిఖీ చేసిన మా భూతద్దం సార్ ఒక్క తప్పూ పట్టలేదు. కామా పక్కన ఖాళీ ఎక్కువైందని కూడా అనలేదు. ఏదో తేడా కొడుతోంది."

కంప్యూటర్‌ని నడిపించే కెర్నల్‌ని ఏ ప్రోగ్రామైనా వివరాలు అడిగితే, అది మెమరీలో కాస్త చోటు తీసుకుని, అందులో గడులుగా పేర్చి ఇస్తుంది. అంతకుముందు అదే చోట ఎవరి పాస్‌వర్డు ఉండేదో. తుడవకుండా ఇస్తే గుట్టు రట్టు. అది ఆపడానికే ఆమె గడులన్నీ కొత్తగా నింపింది. ఆమె తొలి మార్పు, రేపే విడుదల.

అతను మూత తీశాడు. ఆమె ముక్కు ఎగబీల్చింది.

"నిన్నటి వాసన."

"నామీదా అనుమానం? ప్రతి అరా కడిగే నింపాను మేడమ్."

ఆమె స్పూను కొసతో గీరింది. అరకీ అరకీ మధ్య సన్నటి సందులో నిన్నటి కూర ఎండి ఉంది. నవ్వబోయి ఆగిపోయింది. లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, మెమరీలోని ఆ చోటునంతా ముందు ఒకే అక్షరంతో నింపి, ఆపైన తన కోడ్ నడిపింది. తిరిగొచ్చిన వివరాల నడుమ మూడు బైట్లలో ఆ అక్షరం దర్జాగా కూర్చుని ఉంది. గడులు నింపింది గానీ, కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ గడికీ గడికీ మధ్య వదిలిన సందు తుడవలేదు.

"చెప్తే వెనక్కి తీసేస్తారు," అంది నీరసంగా.

"చెప్పకపోతే?"

ఆమె ఫోను తీసి, తన మార్పు మళ్లీ ఓసారి చూడమంది.

"ఒప్పుకున్నాక కూడా అనుమానమేనా అమ్మా?" అన్నాడు భూతద్దం.

"మీరు ఒప్పుకున్నారనే అనుమానం సార్. సందుల్లోంచి మూడు బైట్లు కారుతున్నాయి. ముందు మొత్తం సున్నాలతో తుడిచి, తర్వాత నింపాలి. నా మార్పు తీసేయండి."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు.

"నిజమే. నా కంటికీ ఆనలేదు."

"దుకాణానికి రమ్మను," గొణిగాడు భర్త. ఆమె అతని కాలు తొక్కింది.

"విడుదల ఎల్లుండికి జరుపుతున్నా. సరిచేసి నీ పేరుతోనే పంపు. రేపు తొమ్మిదికి వచ్చెయ్, ఇలాంటి సందులు ఇంకెన్ని ఉన్నాయో ఇద్దరం కూర్చుని ఏరుదాం."

ఆమె ఫోను పెట్టేసి భర్త వంక చూసింది. అతను డబ్బాని వెలుతురుకేసి తిప్పి చూస్తున్నాడు.

"రేపు ముందు డబ్బా మొత్తం వేణ్ణీళ్లలో ముంచుతా. తర్వాతే నింపుతా."