రెండో చరణంలో చొక్కా చెయ్యి

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ముందే చెప్పేస్తాను, తర్వాతైతే మొహమాటం అడ్డొస్తుంది. ఆయన తాగడు, తిట్టడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. కానీ ఆదివారం పొద్దున ముందు గది తలుపు తీశాడంటే తను ఒక పాత రాక్ బ్యాండు అభిమానుల సంఘానికి అధ్యక్షుడైపోతాడు, నేను టీ అయిపోతాను. "టీ" అని కేకేస్తాడు, తల కూడా తిప్పకుండా. ఇరవై రెండేళ్ళుగా ఆదివారాల్లో నా పేరు అదే.

ఆ బ్యాండులోని నలుగురికీ ఇప్పుడు డెబ్బై దాటాయి. పదకొండేళ్ళు నోరెత్తకుండా ఉండి, మొన్న ఒక కొత్త పాట వదిలారు. వెనకాలే ఆల్బమ్ వస్తోందట. వచ్చే ఆదివారం బజారులోని పాటల కొట్లో దాన్ని అందరికంటే ముందు వినిపిస్తారని మా సంఘానికి నాలుగు పాసులు పంపారు. మా ఆయనకొకటి, వీధి చివర సెలూన్ తమ్ముడికొకటి, లెక్కల మేష్టారికొకటి. నాలుగోది మా మరిదికి. మా మరిది పాట మొదలైతే నిద్రపోతాడు, డ్రమ్ములు మోగితే అటు తిరిగి పడుకుంటాడు. "నేను రానా?" అని మా ఆయన్ని అడిగాను. "నీకేం తెలుస్తుందే, విసుగొస్తుంది" అన్నాడు జాలిగా. తిట్టినా ఊరుకునేదాన్ని, ఆ జాలికే ఒళ్ళు మండింది. వాళ్ళు ఆ పాటలు కూర్చుని విన్నారు. నేను నిలబడి విన్నాను. వారమంతా హోటలు లాండ్రీలో ఇస్త్రీ, ఆదివారం ఇంట్లో ఇస్త్రీ. "నీది చెయ్యి కాదమ్మా, మెషిను. దానికి అలుపేంటి" అంటాడు లాండ్రీ సూపర్‌వైజరు, అదేదో బిరుదిచ్చినట్టు. ఈ చెయ్యి ఇన్నేళ్ళూ నడిచింది ఆ బ్యాండులో డ్రమ్ములు వాయించే ముసలాయన దెబ్బ మీదే. మొదటి చరణానికి కాలరు, కఫ్‌లు అయిపోతాయి. రెండో చరణం ఎత్తుకునేటప్పుడు, ఏ పాటలోనైనా సరే, ఆయన పిసరంత వెనకబడతాడు. ఆ పిసరంతలో నేను చొక్కా చెయ్యి తిరగేస్తాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పాటల గురించి మాట్లాడుతుంటే మధ్యలో చొక్కాలేంటని నవ్వుతారు.

ఈ ఆదివారం కొత్త పాట పెట్టారు. నేను మూల బల్ల మీద మా ఆయన నీలం చొక్కా పరిచాను.

"ఆ దెబ్బ చూశావా? ముసలాడు కుర్రాడైపోయాడు" అన్నాడు మా ఆయన.

"కుర్రాడు కాదన్నా, కంప్యూటరు. మనిషైతే ఈపాటికి భుజం ఊడి కింద పడేది" అన్నాడు సెలూన్ తమ్ముడు.

"అంత మాటంటావా? సంఘంలోంచి లేచిపో."

"లేస్తా. టీ తాగి లేస్తా."

రెండో చరణం వచ్చింది. నా చెయ్యి అలవాటుగా ఆగింది. పాట ఆగలేదు. చొక్కా చేతికి ఒక్క మడతకు బదులు రెండు గీతలు పడ్డాయి.

"ఆయన కాదు" అన్నాను.

"నువ్వు కాలరు చూసుకో" అన్నాడు మా ఆయన.

"కాలరు అయిపోయిందండీ. ఆయన కాదు. మెషిను కూడా కాదు, చివర్లో ఊపిరి పీల్చుకున్నట్టు ఒక దెబ్బ తేలిగ్గా వేశారు. ఎవరో వేరే మనిషి."

మేష్టారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఎలా చెప్పగలవమ్మా?"

చెప్పాను. చొక్కాతో సహా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మేష్టారు వాచీ విప్పి చేత్తో పట్టుకుని నాలుగు పాత పాటలు పెట్టించారు. నాలుగింట్లోనూ రెండో చరణానికి దాదాపు ఒక సెకను ఎక్కువ పట్టింది. కొత్త పాటలో రెండు చరణాలూ సరిసమానం.

"సరే, ఎవరో కుర్రాణ్ణి పెట్టారు" అన్నాడు మా ఆయన, ఓడినా మీసం దించకుండా. "ఆ బలం చూడండి. మగాడి దెబ్బంటే అదీ."

ఎవరో అందులో రాశారేమోనని పాసులొచ్చిన కవరు అలమరలోంచి తెచ్చి మేష్టారికిచ్చాను. అందులో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. పాసుల పంపకంలో పడి దాన్ని ఎవరూ విప్పలేదు, ఇంటి కాగితాలన్నీ దాచే నేను కూడా. మేష్టారు విప్పి, అట్టడుగున ఉన్న చిన్న అక్షరాల దగ్గర ఆగారు.

"ఈ ఆల్బమ్‌లో డ్రమ్ములు వాయించింది ఆయన కూతురు. తండ్రికి మణికట్టు పట్టేసినప్పుడల్లా రిహార్సల్సులో పదిహేనేళ్ళుగా ఆవిడే వాయిస్తోందట."

సెలూన్ తమ్ముడు టీ పొలమారి దగ్గుతూనే నవ్వాడు. "మగాడి దెబ్బంటే అదేనా అన్నా?"

మా ఆయన చొక్కా చేతి మీది గీతలు చూశాడు. ఆఖరికి ఆయనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు చల్లారకముందే కవరులోంచి నాలుగో పాసు తీసి నా సంచిలో వేసుకున్నాను.

"మరి నా తమ్ముడు?"

"ఆయన ఇక్కడైనా పడుకోవచ్చు."

"మరి వచ్చే ఆదివారం టీ?"

"కొట్లో ఇస్తారేమో అడుగుదాం."

"ఒక్క ఆదివారానికి ఇంత పంతమా?"

"మేష్టారూ, ఇరవై రెండేళ్ళు, ఏడాదికి యాభై రెండు. ఎన్నయ్యాయి?"

మేష్టారు కళ్ళు మూసుకుని పెదవులు కదిపారు.

"పదకొండు వందల నలభై నాలుగమ్మా."

"అన్ని ఆదివారాలు పోయాయండీ నాకు" అన్నాను.