పదహారు నిమిషాల ఎండ

ఆ ఉదయం తమ్ముడు ఫలహారం చేసి, మాత్ర మింగి, గడియారం చూసుకున్నాడు. సొరియాసిస్ వాడి వీపూ మోచేతులూ దాటి అరచేతులకు పాకింది. వాడు దర్జీ. పగిలిన వేళ్ళతో కుడుతుంటే కొత్త బట్టకు నెత్తుటి చుక్కలు అంటుతున్నాయి. ఆ మాత్ర చర్మాన్ని వెలుతురుకు లొంగదీస్తుంది. వేసుకున్న రెండు గంటలకు ఆసుపత్రిలో అల్ట్రావయొలెట్ దీపాల పెట్టెలో నిలబెట్టి, కొలిచినంత వెలుతురే పడనిస్తారు. పదకొండు సార్లు వెళ్ళాక వేళ్ళు కాస్త మెత్తబడ్డాయి.

బయలుదేరబోతుంటే ఫోన్ మోగింది.

"మెషిన్ చెడిపోయిందట, రావద్దంటోంది," అంటూ నర్సు మాట పూర్తి కాకముందే పెట్టేశాడు. నల్ల కళ్ళద్దాలు తీసి బల్ల మీద పడేశాడు.

"అవి తీయకురా."

"లైటే లేనప్పుడు అద్దాలెందుకక్కా? ఈ వయసులో హీరో వేషమా?"

నేను వంటింట్లోకి నడిచాను. ఇంట్లో నాకు పిరికిదాన్నని పేరు. మా ఆయన కూడా ఆ మాటే అని నవ్వి, ఒంట్లో బాగాలేకపోయినా గడప దాటారు. నేను ఆపలేదు, ఆయన ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ చెప్పుల చప్పుడు ఇరవై ఏళ్ళుగా మెట్లు దిగుతూనే ఉంది, కిందికి చేరదు.

ఆ రోజు అది పైకి ఎక్కుతున్నట్టు వినిపించింది. అలవాటుగా గడియారం చూశాను. కాసేపటికి గానీ అది నిజం చప్పుడనీ, తమ్ముడు డాబా ఎక్కాడనీ తట్టలేదు. నర్సుకు ఫోన్ చేశాను.

"అయ్యో, ఎండలోకి పంపకండమ్మా. మాత్ర ఒంట్లోనే ఉంది కదా. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ కూడా పడకూడదు. రేపటిదాకా కళ్ళద్దాలు తీయకూడదు. ఆ మాట చెప్పబోతుంటేనే ఆయన పెట్టేశారు."

మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కాను. చొక్కా విప్పి, వీపు ఎండకు పెట్టి కూర్చున్నాడు.

"వేసుకున్న మాత్ర వృథా ఎందుకని," అన్నాడు. "పైవాడి మెషిన్ చెడిపోదు కదక్కా."

తీగ మీది దుప్పటి లాగి నెత్తిమీంచి కప్పి, దొంగను పట్టుకొచ్చినట్టు కిందికి తెచ్చాను. అద్దాలు పెట్టి, కర్టెన్లు వేసి, మళ్ళీ గడియారం చూశాను. ఈసారి నర్సే ఫోన్ చేసింది. ఎంతసేపున్నారని అడిగింది.

"ఇలా ఎక్కి అలా దిగాడని చెప్పు," తమ్ముడు గుసగుసలాడాడు. "లేకపోతే ఎల్లుండి కూడా ఆపేస్తారు. ఈ వేళ్ళు మళ్ళీ మొదటికొస్తాయి. నీకు దండం పెడతా."

"పదహారు నిమిషాలమ్మా," అన్నాను ఫోన్‌లో.

డాక్టరును అడిగి వచ్చి చెప్పింది. ఎరుపు ఇవాళే కనపడక్కర్లేదు, రెండు మూడు రోజులకు తేలొచ్చు. అది చూసేదాకా పెట్టెలో నిలబెట్టరు. పొక్కులొచ్చినా, కళ్ళు మండినా వెంటనే తీసుకురావాలి.

తమ్ముడు గోడవైపు తిరిగాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం గిన్నె గుమ్మం దగ్గర పెడితే, నేను అవతలికి వెళ్ళాక తీసుకునేవాడు.

మూడో రోజు పొద్దున వాడే పిలిచాడు. వీపంతా కందగడ్డలా ఎర్రబడింది. పొక్కులు లేవు.

"నేను చెప్పమన్నట్టు చెప్పుంటే, ఇవాళ దీని మీదే లైటు వేసేవాళ్ళు కదూ?"

"ఊఁ."

"మళ్ళీ ఎప్పుడు మొదలెడతారు?"

"చల్లారాక అన్నారు."

"ఎప్పటికి చల్లారుతుందక్కా?"

తెలియదన్నాను. ఆసుపత్రికి బయలుదేరేలోపు తడిగుడ్డ వేస్తే, దాని కింద వాడి వీపు వణికింది. మందు ఎప్పుడో దిగిపోయి ఉంటుంది, నాకు తెలుసు. అయినా కర్టెన్ సందులోంచి ఎండ గీత పరుపు మీదికి పాకుతుంటే, ఆ కర్టెన్ అంచును చేత్తో గోడకు అదిమిపట్టి నిలబడ్డాను.