సిస్టరమ్మ వేషం

చావు జరిగిన ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పని పడుతుంది. క్రైస్తవుల ఇళ్లలో చదువుకున్నవాళ్ల మీద పడే పని, పోయిన మనిషి జీవిత చరిత్ర రాయడం. ఎక్కడ పుట్టిందీ, ఎప్పుడు బాప్తిస్మం పొందిందీ, ఏ ఉద్యోగం చేసిందీ ఒక్క కాగితంలో ఇమిడ్చి సమాధి దగ్గర అందరి ముందూ చదవాలి. గోదావరిఖనిలో బడిపంతులమ్మ సుసన్నా ఆ ఉదయం తన మేనత్త రెజీనా కోసం అలాంటి కాగితమే ముందు పెట్టుకుని కూర్చుంది. పుట్టుక రాసింది, బాప్తిస్మం రాసింది. ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది.

"హైదరాబాద్‌ల నర్సుగ సేవ చేసిందని రాయి బిడ్డా. గంతే," అన్నాడు ఆమె తండ్రి టిమోతి. రెజీనాకు ఒక్కగానొక్క తమ్ముడు. బొగ్గుబాయి పని నుంచి రిటైరై రెండేళ్లయింది.

"అత్త నర్సు కాదు గదా బాపూ."

"నాకు తెల్వదా? జనానికి తెల్వదు. ఇయ్యాల ఒక్క రోజు గడవనియ్యి."

ఆ ఒక్క రోజు అనే మాట ఆ ఇంట్లో నలభై అయిదేళ్లుగా నడుస్తోంది.

రెజీనా తండ్రి యోబు బొగ్గుబాయి కార్మికుడు, చర్చి సంఘంలో పెద్ద. పందొమ్మిదేళ్ల రెజీనా కార్మికుల నాటక పోటీల్లో ఒక గని కార్మికుడి భార్యగా వేషం కట్టింది. అప్పటిదాకా ఇక్కడ ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు, లేదంటే బయటి నుంచి నటిని పిలిపించేవారు. ఆ రోజు హాలంతా ముక్కులు చీదుకుంటూ చూసింది. ఏడ్చి ఇంటికి పోతూనే నానా మాటలూ అన్నది. సంఘపెద్ద కూతురు రంగు పూసుకుని స్టేజీ ఎక్కడమేమిటట! చూసిన మనదేమీ తప్పు కాదు, ఆడిన పిల్లదే తప్పు. వచ్చే ఆదివారానికల్లా సంఘం యోబును నిలదీసింది.

రెజీనా నాటకం మానలేదు. ఒక సంచి సర్దుకుని హైదరాబాదు పోయింది. అడిగినవాళ్లకు యోబు తలవంచుకుని "నర్సు ట్రైనింగుకు పోయింది" అని చెప్పాడు. పాపం, ఆయనకు అంతకంటే గౌరవమైన మాట దొరకలేదు.

అక్కడ ఆమె కృష్ణప్రియ అయింది. నాటక సమాజాలతో ఊరూరా తిరిగింది. రేడియో నాటకాల్లో తల్లి గొంతు కావాలంటే ఆమెనే పిలిచేవారు. ఒక సాయంత్రం వాడలోని వాళ్లంతా యోబు ఇంటి ముందు ట్రాన్సిస్టరు చుట్టూ చేరి, ఆ గొంతు విని కంటతడి పెట్టుకున్నారు. యోబు తువ్వాలు కొంగుతో మొహం తుడుచుకున్నాడే గాని, అది తన బిడ్డ అని చెప్పలేదు. టీవీ సీరియళ్లలో ముసలి తల్లిగా కనబడ్డప్పుడు ఎవరైనా అడిగితే టిమోతి నవ్వేవాడు. "అచ్చం మా అక్క లెక్కనే ఉంటదని మేమూ అనుకుంటం," అనేవాడు.

ఈ అబద్ధంలో సుసన్నాకూ వాటా ఉంది. బసంత్‌నగర్ సంబంధం వచ్చినప్పుడు కాబోయే అత్తగారికి "మా మేనత్త పెద్ద దవాఖానల నర్సు" అని తన నోటితోనే చెప్పింది. పెళ్లిరోజు ఆ అత్తగారికే కళ్లు తిరిగాయి. అందరూ రెజీనాను పిలిచారు. ఆమె చీర సర్దుకుని వచ్చి, మణికట్టు పట్టుకుని, గడియారం చూసి "ఏం గాదు వదినా, జర నీళ్లు తాగి పండుకోండి" అంది. ఎవరికీ రవ్వంత అనుమానం రాలేదు.

"మస్తు చేసినవత్తా," అని తర్వాత సుసన్నా నవ్వింది.

రెజీనా నవ్వలేదు. "స్టేజీ మీదైతే తెర పడ్తది బిడ్డా. దీనికి తెర ఎప్పుడు పడ్తదో," అంది.

మోకాళ్లు అరిగి, వేషాలు ఆగిపోయాక రెండేళ్ల కింద ఆమె తమ్ముడి ఇంటికే వచ్చింది. వాడంతా నర్సనుకుని సిస్టరమ్మ అని పిలిచేది. జ్వరమని, బీపీ అని ఎవరు వచ్చినా "నేను రిటైరైన, దవాఖానకు పోండి" అని తప్పించుకునేది. మొన్నటి వానాకాలంలో ఒక సోమవారం పొద్దున మాత్రం తప్పించుకోలేకపోయింది.

పక్కింటి సారవ్వ పరుగెత్తుకొచ్చింది. ఆమె భర్త బుచ్చన్నకు ఛాతీ పట్టేసి ఒళ్లంతా చెమట. "ఆటో పిలవాల్నా సిస్టరమ్మా? నువ్వెట్ల చెప్తె అట్ల చేస్త," అంది. రెజీనా తమ్ముడి వైపు చూసింది. గుమ్మంలో నిలబడ్డ టిమోతి, అక్క నర్సు కాదని ఎక్కడ బయటపడుతుందోనని, చెప్పొద్దన్నట్టు తల ఊపాడు. ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా? పక్కింటికి పోయి మంచం పక్కన కూర్చోగానే ఆమె చెయ్యి దానంతటదే బుచ్చన్న మణికట్టు మీదికి పోయింది.

"గ్యాసు వట్టినట్టుంది సారవ్వా. జీలకర్ర నీళ్లు తాగిచ్చి పండుకోబెట్టు."

దవాఖాన ఆటోలో పది నిమిషాల దూరం. గంట తిరక్కముందే బుచ్చన్న చనిపోయాడు.

సారవ్వ ఒక్క మాట అనలేదు. సిస్టరమ్మే చూసిందిగా, ఆయుస్సు లేదు, అనుకుని ఏడ్చింది. ఆ నమ్మకమే రెజీనాను తినేసింది. తిండి మానేసింది, మాట మానేసింది. పోవడానికి నాలుగు రోజుల ముందు సుసన్నా చెయ్యి పట్టుకుంది.

"నా కాగితంల నిజం రాయి బిడ్డా. సారవ్వ ముందట చదువు. ఎన్ని వందలమంది ముందట మాట్లాడిన నోరు, ఆమె ముందట లేస్తలేదు."

ఇప్పుడు అదే సుసన్నా ప్రాణాన్ని నలుపుతోంది. రాస్తే తండ్రి తల ఎత్తుకోలేడు. అత్తగారి ముందు తన అబద్ధమూ బయటపడుతుంది. రాయకపోతే అత్త మట్టిలో కూడా ఆ వేషంతోనే పడుకోవాలి. చాలాసేపటికి ఆమె కలం కదిలింది.

మధ్యాహ్నం సమాధి దగ్గర సుసన్నా కాగితం విప్పింది. "మా మేనత్త రెజీనా నర్సు కాదు. నాటకాల్లో, రేడియోలో, టీవీలో నలభై ఏళ్లు నటించిన మంచి నటి. మా తాత ఇంటి ముందు రేడియోల మీరందరు విని ఏడ్చిన తల్లి గొంతు ఆమెదే. ఆమె పనికి సిగ్గుపడి మేమే నర్సు అని చెప్పినం. నేనూ చెప్పిన. బుచ్చన్న కాకను చూసిందే గాని ఆమెకు నాడి పట్టడం కూడా రాదు. చనిపోయేదాకా ఆమె దానికే ఏడ్చింది," అని చదివింది. టిమోతి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. సుసన్నా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అందరూ పెట్టె మీద తలా పిడికెడు మట్టి వేస్తున్నారు. సారవ్వ వంతు వచ్చింది. ఆమె మట్టి పిడికిట్లోకి తీసుకుంది గాని వెయ్యలేదు. టిమోతి వైపు తిరిగింది.

"నాటకాలామె అని ముందే చెప్తే ఏం జేద్దును టిమోతన్నా? మహా అయితే నాలుగు రోజులు నవ్వుకుందును. ఆ సోమవారం మాత్రం మీ గడప తొక్కకపోదును. ఆటోల ఏస్కొని సీదా దవాఖానకు పోదును. మా ఆయన బతుకునో లేదో, నా పయత్నం నేను చేద్దును."

సారవ్వ చుట్టూ నిలబడ్డ వాడవాళ్లందరినీ చూసింది.

"మనం నవ్వుతమనే గదా వీళ్లు దాసిండ్రు. ఆ గొంతు విని ఏడ్చినోళ్లం, ఆమె పని ఆమెను చెప్పుకోనియ్యకపోతిమి. చేసుకునే పని ఏదైతేంది, దాన్ని దాసుకొని బతుకుమనుడే పాపం."

పిడికిలి విప్పి మట్టిని పెట్టె మీదికి మెల్లగా జారవిడిచింది.

"మీ సిగ్గుకు, మా నవ్వుకు నడుమ ఇద్దరు మనుషులు పాయిరి," అంది సారవ్వ.