ఉజ్వల నిమ్మరసం తాగలేదు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. సిద్దిపేటలో బస్సు కదలదు, బడి తలుపు తెరుచుకోదు, కరెంటు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో దేవుడికే ఎరుక. అయినా ఊరంతా పెళ్లివారిల్లులా కళకళలాడుతోంది. ఎవరిని పలకరించినా ఏదో ఒక జేఏసీలో సభ్యుడే. అందరిలోకీ నరేందర్‌కు కాలు ఒక్కచోట నిలవడం లేదు. ఆయనది టెంటు హౌసు. దీక్షా శిబిరం మీద షామియానా ఆయనది, కింద పరిచిన జంబుఖానా ఆయనది, మైకు కూడా ఆయనదే. మైకు తనదైనప్పుడు మాట ఇంకొకరికి ఎందుకిస్తాడు? పొద్దున పట్టుకున్న మైకును మళ్లీ చీకటి పడేముందే వదిలేవాడు.

రోజుకో వృత్తివాళ్లు వచ్చి నిరాహార దీక్షకు కూర్చునేవారు. పొద్దున వాళ్ల మెడలో దండలు వేసి కూర్చోబెట్టడం, సాయంత్రం ఐదు గంటలకు నిమ్మరసం తాగించి లేపడం, రెండూ నరేందర్ చేతుల మీదుగానే జరగాలి. ఆ రోజు వంతు దుకాణాలు నడిపే ఆడవాళ్లది. ముందు వరసలో నరేందర్ భార్య ఉజ్వల కూర్చుంది. ఆమెది గాజుల దుకాణం. పక్కనే సఫూరా. గాజుల దుకాణాన్ని ఆనుకునే ఆమె జాకెట్లు కుట్టే కొట్టు.

ఉజ్వల కూర్చున్నచోట కుదురుగా ఉండలేకపోతోంది. మాటిమాటికీ తనలో తనే నవ్వుకుంటోంది. చూసినవాళ్లు ఉద్యమం మీద ప్రేమ అనుకున్నారు. ఆ ప్రేమకు తక్కువేం లేదు గానీ, ఆ పూట ఆమె సంబరానికి కారణం నిన్న హైదరాబాదు నుంచి వచ్చిన ఫోను.

ఉజ్వల ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ దొరికింది. పరీక్ష చేస్తే క్యాన్సరని తేలింది. ఆమె సొంత అక్క ఆండాలు కొన్నేళ్ల కిందట ఆ జబ్బుతోనే పోయింది. వాళ్ల చిన్నమ్మ అంతకు ముందే పోయింది. అందుకని హైదరాబాదు డాక్టరమ్మ ఆపరేషనుకు తొందరపడలేదు. ఈ జబ్బు మీ ఇంటి రక్తంలోనే వస్తోందేమో చూడాలమ్మా అని నెత్తురు తీసి బొంబాయికి పంపింది. జన్యువుల్లో లోపం ఉందని తేలితే రెండు రొమ్ములూ తీసే సంగతి ఆలోచించాలంది. లేదని తేలితే గడ్డ వరకు తీసి, ఆ పైన కరెంటు, అంటే రేడియేషను, పెడితే సరిపోతుందంది. ఇంత చిన్న గడ్డకు అలా చేసినా, రొమ్ము మొత్తం తీసినా బతుకుకు తేడా రాదని విడమరిచి చెప్పింది. ఏది కావాలో చెప్పాల్సింది మాత్రం నువ్వే అంది.

నిన్న ఫోను నరేందర్‌కు వచ్చింది. ఆయన వింటూ వింటూనే గాజుల దుకాణంలోకి కేకేశాడు. "లేదట! ఉజ్వలా, లోపం లేదట!"

ఉజ్వలకు దుకాణంలోని గాజులన్నీ ఒక్కసారే తొడుక్కోవాలనిపించింది. ఆండాలు పోయినప్పటి నుంచి ఆమె తన ఒంటిని నమ్మడం మానేసింది. స్నానం చేస్తూ చెయ్యి తగిలితే ఉలిక్కిపడేది. కూతురు ఎదుగుతున్నకొద్దీ, దీనికి నేనేం అంటగట్టానో అని లోలోపల కుమిలిపోయేది. జబ్బు వచ్చింది నిజమే, కత్తి తప్పదన్నదీ నిజమే. అయినా ఇన్నాళ్లూ ఎవరి చేతిలోనో ఉన్న ఒళ్లు ఆ ఒక్క మాటతో తిరిగి తన చేతికొచ్చినట్టయింది. ఏడుస్తూనే నవ్వింది.

ఆ నవ్వు పూర్తికాకముందే నరేందర్ ఫోనులో అంటున్న మాట చెవిన పడింది. "ఏదైతేంది డాక్టరమ్మా, రెండు గూడ తీసేయుండ్రి. మాకు రిస్కు వద్దు."

అవతల ఆమె ఏమందో గానీ ఆయన ముఖం చిన్నబోయింది. ఫోను పెట్టేసి, "రేపు సాయంత్రం ఆరింటి లోపల నువ్వే చెప్పాల్నట. గదే మాట చెప్పు, అయిపోతది" అన్నాడు. ఉజ్వల నోరు తెరిచేలోగా ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో రాస్తారోకో ఉందంటూ మోటారు సైకిలెక్కి పోయాడు.

అత్త కొండవ్వది కొడుకు పక్షం. "పిల్లలకు పాలిచ్చుడు ఎన్నడో అయిపాయె. ఇంక గవ్విటితోటి ఏం పని బిడ్డా? తీపిచ్చుకుంటె పీడ పోతది. కరెంటు పెడ్తరట కరెంటు! ఇంట్ల ఫ్యాను తిరిగెటందుకే కరెంటు లేదు, నీకేడికెల్లి తెచ్చి పెడ్తరు?"

"నీ పండ్లన్ని ఎన్నడో ఊడినయ్ గద అత్తమ్మా, మరి నోరు గూడ తీపిచ్చుకుంటవా?" అంది ఉజ్వల.

కొండవ్వ తీపిచ్చుకోలేదు గానీ కాసేపు మూసుకుంది.

ఇక మర్నాడు శిబిరంలో నరేందర్ ఊపు చూడాలి. "మా నీళ్లు మమ్ముల నడుగకుంట తీస్కపోయిన్రు! మా కొలువులు మమ్ముల నడుగకుంట పంచుకున్నరు! మా సంగతి మేం చెప్పుకుంటం గని, ఇంకెవ్వడో చెప్పుడేంది?" అని మైకు పగిలేలా అరిచాడు. చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా ఉజ్వల కొట్టింది. కొడుతూ కొడుతూ మధ్యలో ఆగింది. ఆమెకు ఏదో తట్టింది. సఫూరా వైపు వంగి, అప్పటిదాకా దాచుకున్నదంతా చెప్పి, చెయ్యబోయేది కూడా చెప్పింది.

సఫూరా కళ్లు పెద్దవి చేసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "రెండుంచుకున్నా, ఒకటే ఉంచుకున్నా, ఏదీ లేకున్నా నీకు జాకెట్ కుట్టేది నేనే. మంచిగ కుదిరేటట్టే కుడుత. కని కొలత నీ ఒంటిది ఇయ్యాలె పిల్లా, నీ మొగనిది గాదు."

"భయమైతుంది సఫూరా ఆపా."

"అయితే కానియ్. భయమైనా అడుగుడు అడుగుడే."

ఐదయింది. డప్పులు మోగాయి. నరేందర్ ఒక చేత్తో మైకు, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని వరసలో మొదట కూర్చున్న భార్య దగ్గరికి వచ్చాడు. అప్పుడే ఫోటోలు తీసేవాళ్లు కూడా ముందుకు జరిగారు. ఆయన మీసం సవరించుకుని గ్లాసు అందించాడు.

"తాగ" అంది ఉజ్వల.

నలుగురూ చూస్తున్నారు కదా అని నరేందర్ నవ్వాడు. "తాగు, తాగు."

"నా డిమాండు ఒప్పుకుంటెనే తాగుత."

"నీకేమన్న పిచ్చా? తెలంగాణ నేనిచ్చేదా?"

"నువ్విచ్చేదే అడుగుతున్న. ముందుగాల ఆ మైకు బంద్ జెయ్."

మైకు ఆగిపోయింది. శిబిరం పుట్టాక అలాంటి వింత ఎన్నడూ జరగలేదు. కరెంటు పోయిందనుకుని ఒకాయన జనరేటరు వైపు పరుగెత్తాడు. డప్పులవాళ్లు కొట్టడం ఆపి మెడలు చాపారు. నరేందర్ జంబుఖానా మీద గొంతుక్కూర్చుని, "పరువు తీస్తున్నవ్, ఏంది గిది?" అని గొణిగాడు.

"పొద్దటి సంది ఏమని మొత్తుకుంటున్నవ్? మమ్ముల నడుగకుంట మా సంగతి ఇంకోడు చెప్పుడేందని గాదా? నా పెయ్యి సంగతి, నా ఒంటి సంగతి డాక్టరమ్మకు చెప్పేటప్పుడు నన్నడిగినవా?"

"నీ మంచికే గద."

"మన నీళ్లు తీస్కపోయినోళ్లు గూడ గదే అంటరు."

నరేందర్ తల దించుకుని గ్లాసులోకి చూశాడు. "ఆండాలు వదినెను దవాఖానలకు మోసుకతిరిగింది నేనే గద" అన్నాడు. గొంతు మైకులో వినిపించే గొంతు కాదు. "ఆఖరికి చంటిపిల్లంత బరువు గూడ లేకుండె. ఒక్కపారి జూసిన. మళ్లోపారి నా వల్ల గాదు ఉజ్వలా. నాకు నువ్వుండాలె. గంతే."

ఉజ్వల కోపమంతా ఆ మాటకు నీరుగారిపోయింది. మైకు పట్టుకుని ఊరినంతా నడిపించే మనిషి ఇంత భయాన్ని లోపల పెట్టుకుని తిరుగుతున్నాడని ఆమెకు తెలియదు. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. అయినా తన మాట వదల్లేదు.

"అక్కది తెలిసేసరికే చెయ్యి దాటిపోయింది. నాది గింజంత ఉన్నప్పుడే దొరికింది. అవసరమంటె రెండూ ఇస్తుంటి, వెనుకముందు జూడకపోదును. భయానికైతె ఒక్కటి గూడ ఇయ్య. ఖరాబు గానిదాన్ని ఎందుకిడిసిపెట్టాలె? ఇన్నేండ్లు నా పెయ్యిని నేనే తిట్టుకుంట బతికిన. నిన్ననే దానితోటి మాట కలిసింది."

"మల్ల వస్తె?"

"రాదని డాక్టరమ్మ గూడ రాసియ్యలే. ఏటేటా పరీక్షకు రమ్మన్నది. పోదాం. తీస్కపోయెటందుకు నువ్వున్నవ్ గద. సమ్మెలున్నా బందులున్నా ఒక్క ఏడు గూడ తప్పిపోనియ్య. నీ మీద ఒట్టు."

వెనక జనంలోంచి కొండవ్వ లేచి వచ్చి, కోడలు పొద్దున్నుంచి ఏమీ తినలేదనీ, ఆ గ్లాసేదో తొందరగా పొయ్యమనీ కొడుకును గదమాయించింది. "అది ఏమడుగుతున్నదో ఒప్పుకోరాదురా! నువ్వు అడిగినయి సర్కారు ఒప్పుకోకుంటె ఎంత గులుగుతవ్!" అంది. కోడలు అడుగుతున్నదేమిటో ఆమె చెవిన పడలేదు. పడ్డాక ఇంట్లో ఎటూ ఒక రగడ ఉంటుంది, అది వేరే సంగతి.

నరేందర్ గ్లాసు కింద పెట్టి, కళ్లు తుడుచుకుని, ఫోను తీశాడు. నంబరు నొక్కి, చెవిన పెట్టుకోబోయి, ఆగి, భార్య చేతికిచ్చాడు.

ఉజ్వల ఫోను చెవికి ఆనించుకుంది. "డాక్టరమ్మా, నేను ఉజ్వలను, సిద్దిపేట. గడ్డవరకే తీయుండ్రి. కరెంటు పెట్టిచ్చుకుంట. ఏటేటా వస్త."

"అలాగేనమ్మా. నిన్న మీవారు వేరేగా చెప్పారు. ఇది ఎవరి నిర్ణయం?"

"నాది" అంది ఉజ్వల. ఆ చిన్న మాట నోటితో అనడానికి ఇంత బాగుంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. అందుకే ఇంకోసారి అంది. "నాదే, డాక్టరమ్మా."

"ఆమెదే!" అని పక్కనుంచి నరేందర్ ఫోనులోకి అరిచాడు. అరిస్తే గానీ ఆయనకు తృప్తి ఉండదు. అదేదో కొత్త నినాదం కాబోలని వెనక వరసవాళ్లు చప్పట్లు కొట్టారు. డప్పులు మళ్లీ అందుకున్నాయి.

ఉజ్వల గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగేసింది. నరేందర్ మైకు వేసి, గొంతు సవరించుకున్నాడు. శిబిరం పుట్టాక మొదటిసారి మైకు ఇంకొకరి చేతిలో పెట్టాడు.

ఉజ్వల లేచి నిలబడింది. ఎదురుగా ఊరంతా ఉంది. ఇంట్లోవాళ్లకూ సఫూరాకూ తప్ప సంగతి ఎవరికీ తెలియదు.

"నన్నడిగిన్రు" అంది మైకులో. "నేను చెప్పిన. గంతే. దీక్ష అయిపోయింది." కూర్చోబోయి మళ్లీ మైకు దగ్గరికి వంగింది. "రేపటోళ్లకు నిమ్మరసంల జెర చక్కెర ఎక్కువ కలుపుండ్రి. మా ఆయనకు చేతగాలే."